అడగని పద్యం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో పద్యం పొట్టకూటి విద్యగా ఉన్నది కొందరికే. మిగతావాళ్లకు అది వ్యసనం. కరణం లెక్కల కట్ట పక్కన పెట్టి సీసం ఎత్తుకునేవాడు. పురోహితుడు పెళ్లి ముగించి అక్కడికక్కడే మంగళపద్యాలు కట్టేవాడు. వీధిబడిలో అమరం, సుమతి శతకం వల్లె వేసిన పిల్లవాడికి కందం నడక తెలియకుండానే నోటికి పట్టేది. పెద్దయ్యాక కొలువు ఏదైనా ఆ నడక వదిలేది కాదు. రాసినవాడికి వినేవాడు కావాలి. వినేవాళ్లకంటే రాసేవాళ్లు ఎక్కువైనప్పుడు, అడగకుండా వచ్చిపడే పద్యాన్ని ఏం చేయాలన్న చిక్కు మొదలవుతుంది. ఈ సీమలో రాజులు, పండితులు, సంపాదకులు ఒకరి తర్వాత ఒకరు ఆ చిక్కును తమ పద్ధతిలో విప్పుకున్నారు.

అన్నిటికంటే పాత జల్లెడ ఛందస్సు. యతి, ప్రాస, గణం అన్న మూడూ కుదిరితేనే పద్యం. లేకపోతే అది వినదగినదా కాదా అన్న చర్చే లేదు. 1656 ప్రాంతంలో అప్పకవీయం రాసిన అప్పకవి ఇంటిపేరు కాకునూరి. ఆ పేరుగల ఊరు పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ సీమలోనే ఉంది. తెలుగు నేలంతా తర్వాతి తరాల పండితులకు ఆ గ్రంథం తీర్పులిచ్చే ధర్మశాస్త్రంలా పనికొచ్చింది. దాని ఉపయోగం కవికంటే పరీక్షకుడికే ఎక్కువేమో. ఎదురుగా కూర్చున్న మనిషితో నీ కవిత్వం బాగాలేదని చెప్పడానికి నోరు రాదు. మూడో పాదంలో యతి తప్పిందని చెప్పడం తేలిక. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా అప్పకవి మీద కోప్పడాలి.

అయితే ఛందస్సు తప్పుల్ని ఆపుతుంది గాని రద్దీని ఆపదు. తప్పులేని పద్యాలు కూడా కుప్పలుగా వస్తాయి. ఆ రద్దీ మొదట రాజుల వాకిట్లో కనిపించింది. 14వ శతాబ్దంలో నల్లగొండ సీమ రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయకుల్లో సింగభూపాలుడు స్వయంగా అలంకారశాస్త్రం రాసినవాడు. రసార్ణవసుధాకరం ఆయన పేరు మీదే ఉంది. ‘సర్వజ్ఞ’ బిరుదు ధరించిన రాజు ఎదుట పద్యం చదవాలంటే కవులకు గుండె దడ. శ్రీనాథుడంతటివాడు ఆ కొలువుకు వెళ్లే ముందు సంకోచించాడని చెప్పుకునే చాటుకథలు అందుకే పుట్టాయి. వాటిలో చరిత్ర ఎంత ఉందో గాని, ఒక లోకజ్ఞానం మాత్రం ఉంది: వినే మనిషికి విద్య ఎక్కువైతే చెప్పే మనిషి ముందే తన పద్యాల్ని ఏరుకుని వస్తాడు.

కొలువు వాకిట్లోనే కవుల్ని ఏరే పద్ధతి పూర్తిగా స్థిరపడింది పాలమూరు సంస్థానాల్లో. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, గోపాలపేట అన్నీ నిజాముకు పేష్కష్ చెల్లిస్తూ ఇంటి వ్యవహారాలు తామే చూసుకున్న సంస్థానాలు. ఏలికల్లో కవులూ ఉన్నారు. జటప్రోలు సురభి వంశంలోని మాధవరాయలు చంద్రికాపరిణయం రాశాడు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో ఉన్న గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు వచ్చిందంటే అక్కడి వాకిట ఎందరు నిలబడ్డారో ఊహించుకోవచ్చు.

గద్వాలలో పండితసభలకు కార్తీక, మాఘ మాసాలు నియమం. ఈ నియమం చూడటానికి భక్తిగా ఉంటుంది గాని చేసే పని వేరు. ఏడాది పొడవునా ఒక్కొక్కరుగా వచ్చి తలుపు తట్టే కవుల్ని అది రెండు మాసాలకు కుదించింది. వానలు తగ్గి, ఏరు దిగి, పుట్టి మీద కృష్ణ దాటడానికి వీలయ్యే కాలం కూడా అదే. వచ్చినవాడికి విడిది, స్వయంపాకం. తర్వాత సంస్థాన పండితుల ఎదుట పరీక్ష. నెగ్గినవాడికి సంభావన, మరీ మెప్పు పొందినవాడికి వార్షికం. వార్షికం అంటే ప్రతి ఏడూ వచ్చి పుచ్చుకునే హక్కు. ఒకసారి ఆ పట్టీలో పేరు ఎక్కితే మళ్లీ మళ్లీ తన గొప్ప చెప్పుకోవలసిన పని లేదు. ఏలికకూ అంతే సుఖం: పాతవాళ్లెవరో పట్టీ చెబుతుంది, కొత్తవాళ్లను పండితులు చూసుకుంటారు. చివరి ఏలిక మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ హయాం వరకూ గద్వాల ఈ ఆదరణను నిలుపుకుంది.

పరీక్షలో ఓడినవాడి సంగతి ఇంకో కథ. తెలుగుదేశంలో కవిని ఒట్టి చేతులతో పంపడానికి రాజులు జంకేవారు. వేములవాడ భీమకవి నోటి మాటకు కాపురాలు కూలాయని కథలు వింటూ పెరిగిన సమాజం అది. శాపాన్ని నమ్మనివాడు కూడా చాటువును నమ్మక తప్పదు. లోభి రాజు మీద చెప్పిన ఒక్క తిట్టుపద్యం రాజు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకని ఓడినవాడికీ దారిబత్తెం, ఓ పంచెల చాపు ముట్టేవి. లెక్కల్లో అది దానం కింద జమ. నిజానికి దానిలో కొంత భాగం, ఇక చాలు వెళ్లిరండి అనడానికి చెల్లించిన రుసుము.

తిరుపతి వెంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, గద్వాల, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చినప్పుడు ఈ ఏర్పాటంతా వాళ్లకు అనుభవంలోకి వచ్చింది. కొలువుల్లో చెప్పిన పద్యాల్ని వాళ్లు నానారాజసందర్శనం పేరుతో కూర్చారు. రాజదర్శనం దొరకడం, దొరకకపోవడం, మధ్యవర్తులు, ఈర్ష్యలు అన్నీ చెళ్లపిళ్ల తర్వాత రాసిన వచనంలోనూ కావలసినన్ని ఉన్నాయి. ఆ కాలపు కవికి పద్యం చెప్పడం కంటే చెప్పే అవకాశం సంపాదించడమే కష్టమని వాటిని చదివితే తెలుస్తుంది.

ఈ జంటకవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన అవధానం ఇంకో దారి. బయటికి అది ధారణ ప్రదర్శన. లోపల చూస్తే, ఒక మనిషి మీదికి ఒకేసారి వచ్చిపడే కోరికల్ని వరుసలో పెట్టే యంత్రం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి దత్తపది అడుగుతారు, ఒకరు వర్ణన కోరతారు. నిషిద్ధాక్షరి చేసే పృచ్ఛకుడు అడుగడుగునా ఈ అక్షరం వద్దని అడ్డుపడతాడు. అవధాని ఎవరి పద్యాన్నీ ఒక్కసారిగా పూర్తి చేయడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం, రెండో ఆవృత్తిలో రెండో పాదం, అలా నాలుగు చుట్లు తిరిగాక అన్నిటినీ మొదటినుంచి అప్పజెబుతాడు. ఎవరి వంతు ఎప్పుడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కేకలు పెట్టరు. శతావధానంలో నూరు మంది ఉన్నా సూత్రం ఇదే.

వీళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి స్థానం మరీ చిత్రమైనది. సందర్భంతో పని లేని మాటలు మాట్లాడటం, అవధాని ధ్యాస చెడగొట్టడం అతని విధి. ప్రతి సభలోనూ పిలవకుండా ఇలాంటివాడు ఒకడు తయారవుతాడు. అవధానం అతన్ని బయటికి పంపలేదు, ఎనిమిదిలో ఒక కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ కుర్చీ ఒకటే కనుక మిగతా ఏడుగురూ క్రమం తప్పరు. అవధాని కూడా అతన్ని పట్టించుకోకుండా వదిలేయడానికి వీల్లేదు. చమత్కారంగా ఒక్క జవాబు చెప్పి, తెగిన దారం అక్కడే అందుకోవాలి. జవాబు పొడవైతే అవధాని ఓడినట్టే.

నిజాం రాజ్యంలో తాలూకా కచేరీ దాకా కాగితాలు ఉర్దూలో నడిచాయి కాబట్టి ముషాయిరా మర్యాద కూడా ఈ జిల్లాల చదువరులకు తెలుసు. తరహీ ముషాయిరాలో ముందుగా ఒక మిస్రా, అంటే ఒక పాదం ఇచ్చి, దాని నడకలోనే గజల్ రాసుకు రమ్మంటారు. మన సమస్యాపూరణానికి అది దగ్గరి చుట్టం. ఇంట్లో మూటగట్టుకున్న పాత సరుకు తెచ్చి వినిపించే అవకాశం ఉండదు. నచ్చిన పంక్తికి ‘వాహ్’ అంటారు, ‘ముకర్రర్’ అని మళ్లీ చదివిస్తారు. నచ్చనిదాని మీద ఎవరూ ఏమీ అనరు. ఆ మౌనం ఏ యతిభంగం కంటే గట్టిగా తగులుతుంది.

ఈ వాకిళ్లలో ఎక్కడా ఇమడని పద్యాలు శతకాలయ్యాయి. ఊరి గుట్ట మీది నరసింహస్వామి పేరుతోనో, చెన్నకేశవుడి పేరుతోనో మకుటం కట్టి నూటెనిమిది పద్యాలు రాసి అంకితమిచ్చేవారు. దేవుడు పరీక్ష పెట్టడు, సంభావన ఇవ్వకపోయినా చాటువు భయం లేదు. యాదగిరిగుట్ట, కురుమూర్తి, మన్యంకొండ, ఉమామహేశ్వరం వంటి క్షేత్రాలున్న సీమలో ఇలా పద్యాల్ని స్వీకరించే దైవాలకు కొదవ లేదు.

తపాలా వచ్చాక దూరం అడ్డు తొలగింది. నిజాం ప్రభుత్వం 1869 నుంచి సొంత తపాలా బిళ్లలు వేసింది, 1950 వరకూ సొంత టపా నడిపింది. అంతకుముందు పద్యం వినిపించాలంటే మనిషే నడిచి రావాలి. ఆ నడకే సగం మందిని ఇంటి దగ్గర ఆపేది. ఇప్పుడు బిళ్ల అంటిస్తే కవిత్వం ఒంటరిగా ప్రయాణం చేస్తుంది. బిళ్ల లేకుండా వేసిన బేరంగ్ ఉత్తరానికి రెట్టింపు రుసుము అందుకునేవాడే కట్టాలి, లేదా తిప్పి పంపాలి. అడగని పద్యానికి చదివేవాడే డబ్బు చెల్లించడం అన్న వింత ఆ కాలానిదే. కార్డు ఆ విషయంలో మేలు చేసింది. దాని మీద ఒకటి రెండు పద్యాలకు మించి పట్టవు.

1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. రెండూ వారపత్రికలే. పల్లెల్లో తెలుగు అచ్చు చూడటమే అరుదైన ఆ రోజుల్లో సొంత పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక ఎంత బలంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కాని పత్రిక నడిపేవాడికి పద్యం ముందు పంక్తుల లెక్క. సీసం ఒక్కటి వేయాలంటే ఎనిమిది పొడుగు పంక్తులు, కింద గీతం నాలుగు, మొత్తం పన్నెండు. ఒక్కో అక్షరం చేత్తో కూర్చాల్సిన అచ్చులో ఆ చోటులో తాలూకా వార్తలు రెండు పడతాయి. కందానికి నాలుగు పంక్తులు చాలు. పత్రికలో జాగా ఇరుకైనకొద్దీ పొట్టి పద్యానికి ఆదరం పెరగడంలో ఆశ్చర్యం లేదు. గెలిచింది రసమా, కొలతా అని అడిగితే కంపోజిటరే సరైన జవాబు చెప్పగలడు.

అసలు పరీక్ష సురవరం ప్రతాపరెడ్డికి ఎదురైంది. 1896లో పుట్టిన ఈయన ఆలంపురం ప్రాంతపు ఇటికాలపాడు మనిషి, న్యాయశాస్త్రం చదివినవాడు, హైదరాబాదు రెడ్డి హాస్టలు కార్యదర్శి. వనపర్తి ప్రాంతం నుంచే వచ్చి నగర కొత్వాలు అయిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి అండతో గోల్కొండ పత్రికను వారానికి రెండుసార్లు తెచ్చాడు. ముడుంబ వెంకటరాఘవాచార్యులు అనే పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్నాడు. పూజ్యమంటే పూజింపదగినదనీ అర్థం, సున్న అనీ అర్థం. ఆయన ఉద్దేశించింది రెండోది. దానికి వ్యాసంతో జవాబు చెప్పి ఊరుకుంటే అక్కడితో తీరిపోయేది. సురవరం వ్యాసం బదులు కవుల్నే పిలిచాడు. ఊళ్లలో ఉన్న కవులు ఎవరు, ఎక్కడివారు, ఏం రాశారు అన్న వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోల్కొండ కవుల సంచిక ప్రచురించాడు. అందులో 354 మంది కవులు ఉన్నారు.

ఈ సంఖ్యలోనే సంపాదకుడి పద్ధతి కనిపిస్తుంది. మామూలు సంపుటానికి కూర్చేవాడు ముప్పైమంది మంచి కవుల్ని ఏరి, మిగతా వాళ్లకు మర్యాదగా ఉత్తరం రాస్తాడు. ఇక్కడ ఏరితే వాదమే ఓడిపోతుంది. ఎదుటివాడు సున్న అన్నాడు కాబట్టి సున్నకు జవాబు తలల లెక్క. అందువల్ల ఈ ఒక్కసారి జల్లెడ కన్నాలు కావాలనే పెద్దవి చేశారు. సంస్థాన పండితుడు పరీక్షలో తప్పించే పద్యం, వారపత్రిక చోటు లేదని పక్కన పెట్టే పద్యం ఇందులో సాక్ష్యంగా చెల్లింది. పేరు, ఊరు పద్యంతో సమానమైన విలువ పొందాయి. సంచికలోని పద్యాలన్నీ ఒకే ఎత్తున లేవు. కవిత్వం కోసం చదివితే కొన్ని పుటలు భారంగా నడుస్తాయి. సామాజిక చరిత్ర కోసం చదివినవాడికి మాత్రం బలహీనమైన పద్యం కూడా ఒక ఊరి ఉనికి. చాలామంది గురించి లోకానికి తెలిసింది ఆ పుటలోని నాలుగు పంక్తులే. మలిదశ తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ సంచికను మళ్లీ అచ్చు వేసినప్పుడు కూడా పాఠకులు ముందు వెతుక్కున్నది తమ ఊరి పేరు. సురవరం తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశాడు. చిన్న ఆధారాన్ని కూడా పారేయని ఆ గ్రంథకర్త అలవాటు సంచికలో అప్పటికే ఉంది.

సంచిక వెలువడిన తొమ్మిదేళ్లకు, 1943లో, నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. అది ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు నడిపి, రాయాలన్న ఉబలాటాన్ని ముందు చదువు వైపు మళ్లించింది. 1949లో జాగీర్లు, సంస్థానాలు రద్దయి గద్వాల వార్షికాలకు ఆధారం పోయింది. ఆ ఖాళీలోకి వచ్చినవాటిలో ఒకటి రేడియో. 1935లో మొదలైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదు కేంద్రం సమస్యాపూరణ కార్యక్రమంలో ఒక పాదం ఇచ్చేవారు. శ్రోతలు పూరించి కార్డు మీద పంపేవారు. బాగున్న పూరణలు చదివి, మిగతావాళ్ల పేర్లూ ఊళ్లూ చెప్పేవారు. ఏ అచ్చంపేటలోనో దేవరకొండలోనో రేడియో చుట్టూ చేరినవాళ్లకు పద్యం చదవకపోయినా పేరు వినిపిస్తే చాలు. నాటి సంస్థానాలు ఓడిన కవికిచ్చిన పంచెల చాపు స్థానంలో ఇది వచ్చింది. ఖర్చు లేదు, తిట్టు లేదు.

1953 జనవరిలో ఆలంపురంలో సారస్వత పరిషత్తు వార్షిక సభలు జరిగాయి. గడియారం రామకృష్ణశర్మ పూనికతో జరిగిన ఆ సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ కవితల పుస్తకం ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. కాళోజీ గొడవకు యతి లేదు, ప్రాస లేదు. మొదటి జల్లెడ పట్టు ఆ తరంతో సడలింది. వచన కవితను వద్దనాలంటే ఇక అప్పకవిని పిలవడానికి వీల్లేదు, ఎవరికి వారు తమ అభిరుచిని బయటపెట్టుకుని మాట పడాలి.

దాంతో రద్దీని ఆపే భారమంతా చేతి గడియారం మీద పడింది. జిల్లా కేంద్రాల్లో ఉగాది కవిసమ్మేళనాలు మామూలయ్యాక, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా నిర్వాహకుడు ముందే ప్రకటిస్తాడు: ఒక్కొక్కరు ఒక్క కవిత. చదివే ముందు ఉపన్యాసం వద్దు. వేదిక పక్కన కూర్చున్న మనిషి పేర్ల పట్టీ పట్టుకుని వంతులు పిలుస్తాడు. అధ్యక్షుడి చేతిలో చిన్న చీటీలు ఉంటాయి. రెండో కవిత జేబులోంచి తీసేవాడికి ఒక చీటీ అందుతుంది. అందులో అన్నివేళలా ఒకటే మాట: సమయం. 2016లో రెండు పాత జిల్లాలూ చీలి కొత్త జిల్లా కేంద్రాలు ఏర్పడ్డాక సమ్మేళనాల వేదికలూ పెరిగాయి. వరుసలో నిలబడే కవులు ఆ మేరకు పలచబడి, ఒక్కొక్కరి వంతు కాస్త ముందుగా వస్తోంది.